రాయచూరు సీమయు శిశువుల మూత్రకోశ శస్త్రచికిత్సా చరిత్రయు

శిశువు పుట్టిన క్షణముననే కంటికి కనబడు జన్మలోపములలో మూత్రకోశము వెలుపలికి తెరచుకొని యుండుట ఒకటి. బొడ్డునకు దిగువ పొత్తికడుపు గోడ మూసికొనక, మూత్రకోశమునకు ముందరి గోడ ఏర్పడక, దాని లోపలి ఎఱ్ఱని పొర చర్మమునకు మారుగా బయట కనబడుచుండును. మూత్రపిండముల నుండి దిగివచ్చు రెండు గొట్టముల కొనలు ఆ పొరమీదనే తెరచుకొనుటచే మూత్రము నిలువక బొట్టుబొట్టుగా కారుచునే యుండును. కటిభాగమున ముందర కలిసికొనవలసిన రెండు ఎముకలు ఎడముగా నిలిచిపోవును. మగబిడ్డలలో మూత్రమార్గము పైభాగమున చీలియుండును. వైద్యులు దీనిని ‘ఎక్స్‌ట్రోఫీ’ అని వ్యవహరింతురు. ఇట్టి శిశువునకు మిగిలిన అవయవములు సాధారణముగా చక్కగనే యుండును, బుద్ధికి లోపముండదు. బ్రదుకగల బిడ్డకు బ్రదుకు దుర్భరమగుటయే ఈ వ్యాధి చరిత్రకు మూలమైన సంగతి.

గర్భమున పిండము రూపొందు తొలి మాసములలో పొత్తికడుపు దిగువ భాగమున కండరములు పెరిగి గోడ బలపడవలసిన చోట పలుచని పొర మాత్రమే నిలిచి, అది చిరిగిపోవుటచే ఈ స్థితి కలుగునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అది ఏల జరుగునో పూర్తిగా తేలలేదు. తల్లి తిన్న తిండిగాని, చూచిన గ్రహణముగాని దీనికి కారణము కాదు. మన పల్లెలలో పెదవి చీలిన బిడ్డను చూచి ‘గ్రహణపు మొఱ్ఱి’ అని తల్లిని తప్పుపట్టు అలవాటు ఎంత పాతదో అందరెరిగినదే. అట్టి నింద ఏ జన్మలోపమునకైనను సులభముగా వ్యాపించును.

ముప్పది వేల జననములకో ఏబది వేల జననములకో ఒక్కరికి ఈ లోపము కలుగుననియు, ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో ఎక్కువగా కనబడుననియు వైద్యుల లెక్క. రాయచూరు జిల్లా జనసంఖ్య 2011 గణనలో 19,28,812. ఏటికి వేయి మందికి ఇరువది జననముల చొప్పున అంచనా కట్టినచో ఈ జిల్లాలో ఏటికి ఒక బిడ్డ, ఒక్కొక్కప్పుడు రెండేండ్లకు ఒక బిడ్డ ఇట్లు పుట్టవచ్చును. ఈ చిన్న గణితమును పాఠకులు గుర్తుంచుకొన వలయును. కడపట దీనితో పని కలదు.

మన ప్రాచీన వైద్యమున దీని జాడ ఎంతవరకు కలదు? సుశ్రుతుడు నిదానస్థానమున వస్తిని, అనగా మూత్రకోశమును, సొరకాయవంటి ఆకారము కలదిగను, పలుచని గోడ కలదిగను, క్రిందికి తిరిగిన ఒకే ద్వారము కలదిగను వర్ణించెను. మూత్రకోశమున రాయి పుట్టు అశ్మరీ రోగము ఎక్కువగా బాలురకు కలుగుననియు, వారి శరీరము చిన్నదై మాంసము తక్కువగుటచే రాతిని పట్టి తీయుట సులభమనియు ఆయన చెప్పెను. చికిత్సాస్థానమున రాతిని తీయు శస్త్రకర్మను, కోతపడరాని మర్మస్థానములను విపులముగా వివరించెను. కోయనిచో మరణము తప్పదు, కోసినచో ఫలితము సందేహము. కావున అధిపతి అనుమతి పొందియే పూనుకొనవలయునని ఆయన విధించిన నియమము. తెరచియున్న మూత్రకోశమును మూయు చికిత్స మాత్రము ఆ గ్రంథమున కనబడదు. పుట్టుకతో వచ్చు లోపములను ‘జన్మబల ప్రవృత్తములు’ అను తరగతిగా ఏర్పరచి, కుంటి, గ్రుడ్డి, చెవిటి, మూగ, పొట్టివారిని అందు చేర్చి, వానికి తల్లి నడవడిని కారణముగా చూపుటయే ఉన్నది. సమస్తమును పూర్వులే ఎరిగియుండిరని చెప్పుట స్మారక సంచికలలో పరిపాటి. ఉన్నది ఉన్నట్లు చెప్పుకొన్నను సుశ్రుతుని గౌరవమునకు కొరత రాదు. మూత్రకోశమును కోసి మరల మానునట్లు చేయవచ్చునన్న ధైర్యము ఆయనది. తల్లిపై నింద మోపిన భాగము మాత్రము నిలువదగినది కాదు.

ఐరోపాలో ఈ లోపమునకు ‘ఎక్స్‌ట్రోఫీ’ అను పేరు 1780లో ఫ్రెంచి వైద్యుడు షోసియే పెట్టినది. పేరు పెట్టిన పిదప డెబ్బది ఏండ్లవరకు వైద్యులు చేయగలిగినది మూత్రమును పట్టుటకు పాత్రలు కట్టుట మాత్రమే. 1852లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో జాన్ సైమన్ అను శస్త్రవైద్యుడు పదమూడేండ్ల బాలునికి మూత్రపు గొట్టములను మలాశయములోనికి కలుప ప్రయత్నించెను. బయట కారు మూత్రమును లోపలికి మరలింపగలిగినచో బాలుడు ఒడలు తడియకుండ నలుగురిలో తిరుగగలడని ఆయన తలంపు. ఆ బాలుడు సుమారు ఏడాదికి మరణించెను. తరువాత 1858 ప్రాంతమున అమెరికాలో పాంకోస్టు, ఎయిర్సు అను వారిద్దరు వేరువేరుగా పొత్తికడుపు చర్మమునే మడచి తెరచియున్న భాగమును కప్పిరి. పుండువలె నొప్పిపెట్టు పొర కప్పబడుటచే రోగికి కొంత శాంతి కలిగెను. అయినను మూత్రము నిలువలేదు. కప్పుట వేరు, మూత్రకోశమును మూత్రకోశముగా పనిచేయించుట వేరు. ఈ భేదమే తరువాతి నూరేండ్ల చరిత్ర.

ఇట్టి దీర్ఘమైన శస్త్రకర్మలు శిశువులయందు సాధ్యమగుటకు ముందు నొప్పి తెలియకుండ చేయు ఉపాయము స్థిరపడవలసియుండెను. ఈ కథలో ఒక అధ్యాయము నాడు రాయచూరు చేరియున్న రాజ్యముననే జరిగినది. 1871లో బొంబాయి నుండి వచ్చిన రైలుదారియు మదరాసు నుండి వచ్చిన రైలుదారియు రాయచూరులో కలిసెను. హైదరాబాదు నగరమునకు వాడి మీదుగా రైలు వచ్చినది 1874లో. రాజధానికంటె ముందే రైలు చూచిన పట్టణము రాయచూరు. హైదరాబాదులో 1846లో వైద్యపాఠశాల ఏర్పడెను. దానికి అధికారియైన ఎడ్వర్డు లారీ క్లోరోఫారము వలన మరణములు ఎట్లు కలుగునో తేల్చుటకు 1888లో ఒక సంఘమును, 1889లో రెండవ సంఘమును నడిపెను. రెండవదానికి ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చెను. లండను నుండి లాడర్ బ్రంటను వచ్చి పాల్గొనెను. గుండెకు చేటు కలుగదు, ఊపిరినే గమనింపవలయునని వారు తేల్చిన సిద్ధాంతము తరువాతి పరిశోధనలకు నిలువలేదు. అయినను మత్తుమందిచ్చునపుడు రోగి శ్వాసను రెప్పవాల్పక చూడవలయునన్న పద్ధతికి ఆ కృషి ఊతమిచ్చెను. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందిచ్చు వైద్యులలో ప్రపంచముననే తొలి స్త్రీలలో ఒకతెగా లెక్కింపబడుచున్నది. నేడు నవజాత శిశువును ఎనిమిది గంటలసేపు బల్లమీద నిద్రపుచ్చి ఉంచగలుగుట ఈ పరంపర ఫలమే.

మత్తుమందు, క్రిమిరహిత శస్త్రకర్మ అలవడిన తరువాత వైద్యులు సైమన్ విడిచిన దారినే మరల పట్టిరి. 1890 ప్రాంతములలో మైడల్ అను వైద్యుడు మూత్రకోశమున గొట్టముల కొనలున్న చిన్న భాగమును అట్లే పెద్దప్రేవునకు కుట్టెను. 1911లో కాఫీ అను అమెరికా వైద్యుడు మూత్రము వెనుకకు ఎక్కకుండ గొట్టములను ప్రేవు గోడలో ఏటవాలుగా పోనిచ్చు మార్గము కనిపెట్టెను. దీనితో వేలమంది పిల్లలు తడి గుడ్డల నుండి విముక్తులైరి. బడికి పోయిరి, ఉద్యోగములు చేసిరి, వివాహములు చేసికొనిరి. శస్త్రచికిత్స జయించినదని అందరును తలచిరి. అయితే మలమును మూత్రమును ఒకేచోట చేరినందున మూత్రపిండములకు తరచు రోగము సోకెను. రక్తమున లవణములు తారుమారయ్యెను. అంతకంటె దారుణమైనది ఆలస్యముగా బయటపడెను. గొట్టములు కుట్టిన చోటనే ప్రేవునకు పుట్టకురుపు, అనగా క్యాన్సరు, పుట్టుచున్నదని 1929లో హామర్ అను వైద్యుడు తొలిసారి ప్రకటించెను. శస్త్రచికిత్స జరిగిన ఇరువది ఏండ్లకో, అంతకు మించియో అది తలయెత్తును. చిన్ననాడు ఈ చికిత్స పొందినవారు నేటికిని ఏటేట ప్రేవును కెమెరా గొట్టముతో పరీక్షింపించుకొన వలసియున్నది.

బల్లమీద సాధించిన విజయమును ఆ సాయంకాలమే కొలువరాదని ఈ ఉదంతము వలన తేలినది. బిడ్డ ఎదిగి నలుబది ఏండ్లు వచ్చిన పిమ్మట గాని తొలికోత మంచిదో కాదో చెప్పరాదు. 1950లో బ్రికర్ చిన్నప్రేవు ముక్కను గొట్టముగా మార్చి మూత్రమును పొత్తికడుపుమీద ఒక సంచిలోనికి వదలు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినపుడును ఇదే జరిగినది. మొదట మేలుగా కనబడినది, పదిపదిహేనేండ్లకు మూత్రపిండముల చేటుగా తేలినది.

ఈ మరలింపు మార్గమునకు ఎదురుగా వేఱొక ఆలోచన మొదటినుండియు సన్నని సెలయేరువలె పారుచుండెను. మూత్రకోశమును ఎక్కడికో త్రిప్పుట యేల? దానిని దాని చోటనే మూసి పనిచేయింపరాదా? జర్మనీలో ట్రెండలెన్‌బర్గ్ కటి ఎముకలు ఎడముగా నుండుటయే కుట్లు విడుటకు మూలమని గ్రహించి, వెనుక కీళ్లను సడలించి ముందరి ఎముకలను దగ్గరకు తెచ్చి కుట్టెను. తన అనుభవమును 1906లో ప్రకటించెను. రెండు కవాటములను దగ్గరకు లాగకయే గడియ వేయ చూచినట్టిది అంతవరకు జరిగిన యత్నమంతయు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్సు ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ 1942లో ఒక బాలికకు మూత్రకోశమును మూయగా, ఆమె మూడు గంటలసేపు తడియకుండ ఉండగలిగినదని ప్రకటించెను. మూడు గంటలు! లోకమునకు ఇది అల్పముగా తోచవచ్చును. జన్మమంతయు క్షణమైనను ఆరని బిడ్డకు మూడు గంటలు ఒక రాజ్యము. 1958లో షుల్జ్ కటి ఎముకలను రెండు ప్రక్కల కోసి దగ్గరకు చేర్చి మూత్రకోశమును మూసి ట్రెండలెన్‌బర్గ్ ఆలోచనకు క్రొత్త బలమిచ్చెను.

తరువాత రాబర్టు జెఫ్స్ 1970 దశకమున ఈ పనినంతయు ఒక్కనాడే చేయబూనక దశలుగా విభజించెను. పుట్టిన కొలదిదినములలో మూత్రకోశమును, పొత్తికడుపును మూయుట మొదటిది. అప్పుడు ఎముకలు మెత్తగా నుండి సులభముగా దగ్గరకు వచ్చును. ఏడాది ప్రాంతమున మూత్రమార్గమును సరిచేయుట రెండవది. బిడ్డ నాలుగైదేండ్లవాడై, తనంతట పొడిగా నుండవలయునను కోరిక కలిగి, చెప్పిన మాట వినగలిగినపుడు మూత్రకోశపు మెడను బిగించుట మూడవది. మూడవ దశకు శస్త్రవైద్యుని నేర్పుతోపాటు బిడ్డ మనస్సుగూడ కావలయును. 1989 నుండి మిచెల్ అను వైద్యుడు ఈ దశలలో పెక్కింటిని తొలిదినములలోనే ఒకేసారి ముగించు పద్ధతిని అవలంబించెను. ఏది మేలని పెద్ద కేంద్రములలో నేటికిని వాదము జరుగుచునే యున్నది. తొలి మూత నిలిచినచో బిడ్డ భవిష్యత్తు మెరుగుపడుననియు, అది విడిపోయి మరల మూయవలసివచ్చినచో మూత్రము నిలుచు అవకాశము తగ్గుననియు మాత్రము ఇరుపక్షములవారును ఒప్పుకొందురు.

కత్తికి సంబంధింపని ఒక సంస్కరణమును ఇక్కడ విడువరాదు. 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడిస్, మూత్రకోశమును సన్నని గొట్టముతో కొన్ని గంటలకొకసారి ఖాళీచేసికొనుటకు ఆసుపత్రి శుద్ధి అవసరములేదు, శుభ్రముగా కడిగిన చేతులు చాలునని చూపెను. 1980లో ఫ్రాన్సున మిత్రొఫనోఫ్ ఉండుకమును, అనగా అపెండిక్సును, బొడ్డు దగ్గర చిన్న ద్వారముగా అమర్చి దానిగుండ గొట్టము పెట్టుకొను మార్గమును కల్పించెను. ఈ రెండును కలిసి, మూత్రకోశము చిన్నదై ఎంత బిగించినను నిలువని పిల్లలకు సయితము పొడిగా బ్రదుకు దారి చూపెను. గొప్ప శస్త్రములను మించి ఒక్క రబ్బరు గొట్టము, సబ్బు, నీరు పెక్కు మూత్రపిండములను కాపాడినవనుట అతిశయోక్తి కాదు.

భారతదేశమున శిశు శస్త్రవైద్యము ప్రత్యేక శాఖగా నిలిచినది స్వాతంత్ర్యము వచ్చిన పిదపనే. 1953లో హైదరాబాదున నీలోఫర్ ఆసుపత్రి తల్లులకు, పిల్లలకు వెలసెను. శిశు శస్త్రవైద్యుల అఖిలభారత సంఘము 1965లో ఏర్పడెను. ఎక్స్‌ట్రోఫీ విషయమున మన దేశమున గమనింపదగినది అహమ్మదాబాదు సివిల్ ఆసుపత్రి. 2009 నుండి అక్కడి వైద్యులు అమెరికా వైద్యులతో కలిసి ఏటేట ఒకచోట చేరి, దూరప్రాంతములనుండి వచ్చిన పిల్లలకు శస్త్రచికిత్స చేయుటయేగాక, ముందటి యేండ్ల పిల్లలను మరల రప్పించి పరీక్షించుచున్నారు. ఆ కార్యక్రమమున మిక్కిలి విలువైనది ఈ మరల రప్పించుటయే. మన దేశమున పిల్లలు పెక్కుమంది ఆలస్యముగా, కొందరు విఫలమైన మొదటి శస్త్రచికిత్స తరువాత అక్కడికి చేరుచుందురు.

ఇక రాయచూరు మాట. 1956 నవంబరు 1 వరకు ఇది హైదరాబాదు రాజ్యమున చేరిన జిల్లా. గద్వాల, ఆలంపురము తాలూకాలు నాడు రాయచూరు జిల్లాలోనివే. భాషారాష్ట్రములు ఏర్పడినపుడు అవి మహబూబ్‌నగరమున చేరినవి, రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది. 1953లో తుంగభద్ర జలాశయము వెలసిన పిదప ఎడమ కాలువ క్రింద సింధనూరు, గంగావతి ప్రాంతములకు కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడిరి. వారు నివసించు ఊళ్లను నేటికిని ‘క్యాంపు’లనియే పిలుతురు. సరిహద్దు గీతకు ఇరువైపుల తెలుగే మాటలాడు కుటుంబములు కలవు. బాంధవ్యములు, సంతలు, రోగములు గీతను ఎరుగవు. చికిత్సకు ధనమిచ్చు పథకములు మాత్రము గీతను బాగుగ ఎరుగును. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. 2010లో కర్ణాటకమున వాజపేయి ఆరోగ్యశ్రీ మొదట గుల్బర్గా విభాగముననే, అనగా రాయచూరు చేరిన విభాగముననే, అమలయ్యెను. 2018లో ఆయుష్మాన్ భారత్–ఆరోగ్య కర్ణాటక వచ్చెను. గద్వాలలో పుట్టిన బిడ్డకును రాయచూరులో పుట్టిన బిడ్డకును రోగమొకటే, తల్లి భాష ఒకటే కావచ్చును. కార్డులు వేరు, పోవలసిన నగరములు వేరు. రాయచూరు నుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు, బెంగుళూరు నాలుగువందలు. 2013లో గద్వాల–రాయచూరు రైలుదారి తెరువబడినందున తూర్పు ప్రయాణము సులభమైనది. కార్డు చెల్లు దిక్కు మాత్రము దక్షిణము.

రాయచూరున 2007లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడినది. ఒపెక్ సాయముతో కట్టిన పెద్ద ఆసుపత్రి ఉన్నది. ఎయిమ్స్ కావలెనని 2022లో ఆరంభమైన ధర్నా వేయి దినములు మించి సాగినది. ఆ కోరిక న్యాయమైనదే. అయితే ముందు చెప్పిన గణితమును ఇక్కడ తలచుకొన వలయును. ఏటికి ఒక్క బిడ్డ మాత్రమే వచ్చుచోట ఎంతటి శస్త్రవైద్యునికైనను ఈ పనిలో చేయి తిరుగదు. ఈ లోపమునకు తొలి మూతయే బిడ్డ తలవ్రాత కావున, అది ఏటేట పలువురిని చూచు చోటనే జరుగవలయును. జిల్లాకొక ఎక్స్‌ట్రోఫీ కేంద్రము కోరుట మేలు కోరుట కాదు. జిల్లా చేయదగినది వేఱు. అది అల్పమైనదియు కాదు.

పుట్టిన గంటలోనే చేయవలసిన పనులున్నవి. తెరచియున్న పొరపై పొడి దూదిగాని గుడ్డగాని వేయరాదు. అది అంటుకొని పొరను చీల్చును. ఉప్పునీటితో తడిపి, శుభ్రమైన పలుచని ప్లాస్టిక్కు పొరతో కప్పవలయును. బొడ్డును ప్లాస్టిక్కు బిళ్లతో బిగింపక దారముతో కట్టవలయును, బిళ్ల ఒరిసికొని పుండుపడకుండ. తల్లిపాలు మాన్పనక్కరలేదు. ఇది ఎవరి తప్పును కాదని, బిడ్డ బ్రదుకునని తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పవలయును. 2013లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పేర్కొన్న తొమ్మిది జన్మలోపములలో ఇది చేరలేదు. అందుచే అంగన్‌వాడిలోను, బడిలోను పిల్లలను పరీక్షించువారి చీటీలో దీనికొక గడి లేదు. ఇంటివారు సిగ్గుచే దాచిన బిడ్డ దాగియే యుండును. నోటితో చెప్పుకొనుటకు మాటయైనను కావలయును గదా! కన్నడిగులు ‘మూత్రకోశ’ అందురు. తెలుగువారును ‘మూత్రకోశము’ అందురు. రెండు భాషలలోను అర్థమగు ఈ ఒక్క మాటతో చిన్న కరపత్రము అచ్చువేయుట కష్టము కాదు.

ఆ పిమ్మటి పదునైదేండ్లు జిల్లావే. మూత్రపిండములను అల్ట్రాసౌండుతో చూచుట, జ్వరము వచ్చిన మూత్రపరీక్ష చేయించుట, గొట్టము వాడుక నేర్పుట సింధనూరులోనో మాన్వీలోనో జరుగవచ్చును. వానికై నాలుగువందల కిలోమీటర్లు పోనక్కరలేదు. నగరపు ఆసుపత్రి ఇచ్చు ఆంగ్ల కాగితమును చదివి తల్లికి చెప్పగల మనిషి తాలూకా ఆసుపత్రిలో ఒకరుండిన చాలును. బిడ్డకు అయిదేండ్లు నిండి క్యాంపు బడిలో చేరినపుడు ఈ సంగతి ఉపాధ్యాయునికిగూడ గుట్టుగా తెలియవలయును. మూడు గంటలకొకసారి ఆ పిల్లను, లేక పిల్లవానిని, కారణమడుగక బయటికి పంపవలయును. గడియ పడు తలుపు, నీళ్లున్న కుళాయి, ఒక సబ్బుబిళ్ల ఆ బడి మరుగుదొడ్డిలో ఉండవలయును.